ఎంఏ పొలిటికల్ సైన్స్: హెచ్‌సీయూ, ఓయూ, జేఎన్‌యూ, డీయూలలో ఏది ఎవరికి?

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉండి, ఎంఏ పొలిటికల్ సైన్స్‌కి ఎక్కడ చేరాలో తేల్చుకోలేక తల పట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనవాళ్ల లిస్టులో సాధారణంగా నాలుగు పేర్లు ఉంటాయి: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ. ఐదోది ఇంట్లోవాళ్లు కలుపుతారు: "ఓపెన్ యూనివర్సిటీలో ఫీజు కట్టేసి గ్రూప్స్‌కి చదువుకోరా" అని. ఆ మాటనీ కొట్టిపారేయక్కర్లేదు, దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు ర్యాంకుల సంగతి తేల్చేద్దాం. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో యూనివర్సిటీలకు, ఇంజనీరింగ్‌కు, లా కాలేజీలకు ర్యాంకులు ఉంటాయి గానీ పొలిటికల్ సైన్స్ డిపార్ట్‌మెంట్లకు విడిగా ర్యాంకు లేదు. సైన్స్ ల్యాబుల పరిశోధన వల్ల ఒక యూనివర్సిటీ పైకి వెళ్తే, మీరు కూర్చోబోయే క్లాసు దానివల్ల మెరుగవదు. ర్యాంకు చూసి టెన్షన్ పడటం మానేసి, కింద చెప్పినవి చూడండి.

## ఏవి చూడాలి

భాష. అందరూ దాటేసేది ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది కూడా ఇదే. సెంట్రల్ యూనివర్సిటీలు ఎంఏ ప్రవేశాలకు వాడే సీయూఈటీ పీజీలో పొలిటికల్ సైన్స్ పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు లేదు. పరీక్ష గట్టెక్కడం పెద్ద కష్టం కాదు, ఆబ్జెక్టివ్ ప్రశ్నలే కాబట్టి. చేరాక వారానికి వంద పేజీల ఇంగ్లిష్ చదివి, దాని మీద క్లాసులో నోరు విప్పాలి. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. తెలుగు మీడియంలో బీఏ చేసినవాళ్లు చేయలేరని కాదు, చాలామంది చేశారు. కానీ మొదటి సెమిస్టర్ నరకంగా ఉంటుందని తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లి "నాకు తెలివి లేదేమో" అనుకోవడం వేరు.

మీ చేత ఏం రాయిస్తారు. సీనియర్ దొరికితే "ఫ్యాకల్టీ ఎలా ఉంటారు" అని అడగకండి, అందరూ "బాగుంటారు" అనే అంటారు. "పోయిన సెమిస్టర్‌లో ఏం రాశావు, చూపించు" అనండి. ఉదాహరణకు పంచాయతీరాజ్ అన్న ఒక్క అంశమే తీసుకోండి. ఒకచోట "73వ రాజ్యాంగ సవరణ ముఖ్యాంశాలు వివరించండి" అని అడుగుతారు, గైడులో ఉన్న పదకొండు పాయింట్లు రాస్తే మార్కులు పడతాయి. ఇంకోచోట "మీ మండలంలో మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీల్లో తీర్మానం పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది, ఎందుకు?" అని టర్మ్ పేపర్ ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే కాబట్టి ఊళ్లోకి వెళ్లి అడిగితే బోలెడు సరుకు దొరుకుతుంది. మొదటి రకం ప్రశ్న గ్రూప్స్‌కి పనికొస్తుంది. రెండోది పరిశోధనకు, జర్నలిజానికి, పాలసీ ఉద్యోగాలకు పనికొస్తుంది. మీకు ఏది కావాలో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

పాఠం చెప్పేవాళ్లు ఎందరు మిగిలారు. వెబ్‌సైట్‌లో ఇరవై ఆప్షనల్ పేపర్లు కనిపిస్తాయి. వాటిలో ఈ ఏడాది నిజంగా నడిచేవి ఎన్ని? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు లేక కాంట్రాక్టు, పార్ట్ టైమ్ అధ్యాపకుల మీదే బండి నడుస్తోంది. వాళ్లలో చాలా మంచి టీచర్లున్నారు, అది వేరే సంగతి. కానీ ఆప్షనల్స్ తగ్గిపోతాయి.

హాస్టల్. పొలిటికల్ సైన్స్ సగం క్లాసులో, సగం మెస్‌లో నేర్చుకునే సబ్జెక్టు. క్యాంపస్‌లో గది దొరకకపోతే ఆ రెండో సగం పోతుంది.

## ఒక్క చూపులో

| | హెచ్‌సీయూ | ఓయూ | జేఎన్‌యూ | డీయూ |
|---|---|---|---|---|
| ప్రవేశం | సీయూఈటీ పీజీ | సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) | సీయూఈటీ పీజీ | సీయూఈటీ పీజీ |
| తెలుగులో చదివి రాసే వీలు | లేదు | ఉంది | లేదు | లేదు |
| క్లాసు | చిన్నది, చర్చకు చోటుంది | ప్రధానంగా లెక్చర్ | చర్చ ఎక్కువ, చదవాల్సింది ఇంకా ఎక్కువ | చాలా పెద్దది |
| క్యాంపస్ హాస్టల్ | దొరికే అవకాశం బాగుంది | ఉంది, కానీ రద్దీ | ఎక్కువమందికి దొరుకుతుంది, ఆలస్యం కావచ్చు | చాలా తక్కువమందికి |
| విద్యార్థి సంఘం ఎన్నికలు | ఉన్నాయి | దశాబ్దాలుగా లేవు | ఉన్నాయి | ఉన్నాయి |
| డబ్బు ఎక్కువగా పోయేది | మెస్ బిల్లు | మెస్ బిల్లు, కోచింగ్ | మెస్ బిల్లు, రైలు టికెట్లు | గది అద్దె |

## హెచ్‌సీయూ: ఇంటికి దగ్గరగా, ఇంగ్లిష్‌లో

1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో ఒక హామీగా 1974లో పుట్టిన యూనివర్సిటీ ఇది. అంటే రాజకీయాల వల్లే పుట్టింది. అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇంట్లో మొదలై, గచ్చిబౌలి రాళ్లూ చెరువుల మధ్యకు చేరింది. మానవ హక్కుల ఉద్యమంలో మనందరికీ తెలిసిన ప్రొఫెసర్ హరగోపాల్ పాఠాలు చెప్పిన డిపార్ట్‌మెంట్ ఇక్కడిదే.

చదువు విషయానికొస్తే, సెమిస్టర్ మొత్తం ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. ఇంటర్నల్స్‌కి బరువు ఎక్కువ కాబట్టి ఆఖరి నెలలో చదివి గట్టెక్కే పద్ధతి ఇక్కడ కుదరదు. క్లాసులో కేరళ, బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఉంటారు. తెలుగువాళ్లు మెజారిటీ కాకపోవచ్చు. హైదరాబాద్‌లోనే ఉండి హైదరాబాద్ బయట ఉన్నట్టు అనిపించే క్యాంపస్ ఇది. కొందరికి ఇదే నచ్చుతుంది, కొందరికి మొదటి రెండు నెలలు ఊపిరాడదు.

సాయంత్రాలు నార్త్ షాప్‌కామ్ (క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం) దగ్గర గడుస్తాయి. టీ పట్టుకుని నిలబడితే ఒకవైపు ఎస్‌ఎఫ్‌ఐ పోస్టర్, పక్కనే అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌ది, ఎదురుగా ఏబీవీపీది. 2016 జనవరిలో హాస్టల్ నుంచి బహిష్కరించిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు "వెలివాడ" వేసుకుని కూర్చున్నది ఈ షాప్‌కామ్‌లోనే. వారిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత కులం గురించి దేశమంతా జరిగిన చర్చకు ఈ క్యాంపస్ కేంద్రమైంది. 2025లో క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థులు అడ్డంపడ్డారు, ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు పనులు ఆపించింది. భూమి ఎవరిది, అడవి అంటే ఏది, రాష్ట్ర ప్రభుత్వానికి ఎంత అధికారం ఉంది: ఇవన్నీ సిలబస్‌లో ఉన్న ప్రశ్నలే, హాస్టల్ కిటికీలోంచి కనిపించాయి.

లోటు కూడా చెప్పాలి. క్యాంపస్ పెద్దది, ఊరికి దూరం, చుట్టూ ఐటీ కంపెనీలు. సచివాలయం, అసెంబ్లీ, పార్టీ ఆఫీసులు, కోఠి పుస్తకాల షాపులు, సభలు జరిగే బాగ్‌లింగంపల్లి... వీటన్నిటికీ బస్సు ఎక్కాల్సిందే. రాష్ట్ర రాజకీయాలు దగ్గర్నుంచి చూడాలనుకునేవాళ్లకు గచ్చిబౌలి కాస్త పక్కదారే.

## ఓయూ: తక్కువ అంచనా వేసేది

1918లో మొదలైన ఈ యూనివర్సిటీ గురించి ఢిల్లీ వెళ్లొచ్చినవాళ్లు చిన్నచూపుగా మాట్లాడటం ఫ్యాషన్. నాకు ఆ మాట నచ్చదు. తెలంగాణ రాజకీయాలు అర్థం చేసుకోవాలంటే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చోవడాన్ని మించిన చోటు లేదు. 1969 ఉద్యమం, 1972లో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య, 2009 నుంచి రాష్ట్రం వచ్చేదాకా సాగిన పోరాటం అన్నీ ఈ ఆవరణలో జరిగినవే. తెలంగాణ జేఏసీ ఛైర్మన్‌గా పనిచేసిన ప్రొఫెసర్ కోదండరామ్ ఉస్మానియా పొలిటికల్ సైన్స్ ప్రొఫెసరే. కంచ ఐలయ్య పాఠాలు చెప్పిందీ ఇక్కడే.

తెలుగులో చదివి తెలుగులో రాసే వీలు ఉండటం మామూలు లాభం కాదు. డిగ్రీదాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇక్కడ మొదటి రోజు నుంచే నోరు విప్పగలరు. సీపీగెట్‌లో వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు.

ఇక క్యాంపస్ జీవితం అంటే నిజం చెప్పాలంటే పోటీ పరీక్షల జీవితం. పొద్దున్నే లైబ్రరీ ముందు క్యూ, చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్. ఒకరు గ్రూప్-1, ఒకరు గ్రూప్-2, ఒకరు జేఎల్ (జూనియర్ లెక్చరర్). ఎంఏ అనేది చాలామందికి హాస్టల్‌లో ఉండటానికి దొరికిన దారి. అందువల్ల క్లాసులో హాజరు పలచగా, రీడింగ్ రూమ్‌లో కిటకిటగా ఉంటుంది. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇంత మంచి వాతావరణం దొరకదు. థియరీ మీద ఆసక్తితో వచ్చినవాళ్లకు మాత్రం మాట్లాడే తోడు వెతుక్కోవాల్సి వస్తుంది.

కోర్సు అయిపోయినా గదులు ఖాళీ చేయని "నాన్ బోర్డర్స్" గురించి అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్లు ఒక గదిలో ఎందరుంటారో ముందే వాకబు చేసుకోవాలి. ఇంకో విచిత్రం: ఇంత రాజకీయ చరిత్ర ఉన్నచోట విద్యార్థి సంఘం ఎన్నికలు లేవు. సంఘాలు ఉన్నాయి, ఓటు లేదు. 2025 మార్చిలో డిపార్ట్‌మెంట్లు, కాలేజీల ఆవరణల్లో ధర్నాలు చేయొద్దని సర్క్యులర్ కూడా వచ్చింది, దాని మీద పెద్ద గొడవే జరిగింది.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ఒక హెచ్చరిక. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. నోటిఫికేషన్‌లో స్థానికత నిబంధన రెండుసార్లు చదివాకే ఫీజు కట్టండి. మీకు ఇటువంటి చదువే విశాఖలో 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఏపీ పీజీసెట్ ద్వారా దొరుకుతుంది. ఓయూ గురించి చెప్పిన లాభనష్టాలు చాలావరకు అక్కడా వర్తిస్తాయి.

## జేఎన్‌యూ: పేరుకు తగ్గట్టే, ధర కూడా ఉంది

ధర అంటే ఫీజు కాదు. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల్లోనే ఉంటుంది. ధర అంటే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ రాత్రీ ప్రయాణం, డిసెంబరు చలి, నెలల తరబడి రొట్టెలు. అన్నం బెంగ పట్టుకుంటే ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఉంది, కానీ ఆదివారం అక్కడి క్యూ చూస్తే ఢిల్లీలో తెలుగువాళ్లంతా మీలాగే అనుకున్నారని తెలుస్తుంది.

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. సెంటర్ ఫర్ పొలిటికల్ స్టడీస్ వేరు, స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ వేరు. మొదటిది రాజకీయ సిద్ధాంతం, భారత రాజకీయాలకు పేరున్నది. రెండోది విదేశాంగ విధానం, అంతర్జాతీయ సంబంధాలది. "జేఎన్‌యూ వచ్చింది" అని సంబరపడి, రెండింట్లో ఏది పెట్టామో చూసుకోకుండా చేరేవాళ్లు ఉన్నారు. దౌత్యం, రక్షణ వ్యవహారాల మీద ఆసక్తి ఉంటే రెండోదే. కులం, రాష్ట్రాలు, పార్టీలు, రాజ్యాంగం అంటే మొదటిది.

క్యాంపస్ జీవితం గురించి చెప్పడం మొదలుపెడితే పేజీలు చాలవు గానీ, ఒక్క దృశ్యం చాలు. ఎన్నికల రోజుల్లో రాత్రి భోజనాలు అయ్యాక కావేరి, పెరియార్, గోదావరి హాస్టళ్ల మెస్‌లలో సభలు పెడతారు. కంచాలు తీసేసిన బల్లల మధ్య అభ్యర్థి నిలబడి మాట్లాడాలి, తర్వాత ఎవరైనా లేచి ఏదైనా అడగొచ్చు. అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ అర్ధరాత్రి దాటాక కూడా సాగుతుంది. డబ్బున్న అభ్యర్థికన్నా మాట తెలిసిన అభ్యర్థికి ఇక్కడ గిరాకీ. సీతారాం ఏచూరి జేఎన్‌యూ విద్యార్థి సంఘం అధ్యక్షుడైనది ఇలాంటి సభల్లో మాట్లాడే. కోవిడ్ తర్వాత నాలుగేళ్లు ఎన్నికలు ఆగిపోయి, 2024 మార్చిలో మళ్లీ జరిగాయి.

అమ్మానాన్నల భయమూ న్యాయమైనదే. 2016 ఫిబ్రవరిలో విద్యార్థుల మీద పెట్టిన రాజద్రోహం కేసులు, 2020 జనవరి 5న ముసుగులు వేసుకున్నవాళ్లు హాస్టళ్లలో చొరబడి కొట్టిన సంఘటన టీవీలో అందరూ చూశారు. కానీ రెండేళ్లలో ఒక్క ఊరేగింపులోనూ నడవకుండా, లైబ్రరీ, ధాబా, గది అంటూ చదువు పూర్తిచేసేవాళ్లు ఏ బ్యాచ్‌లోనైనా చాలామందే ఉంటారు. నా మట్టుకు జేఎన్‌యూలో అసలు సమస్య గొడవలు కాదు. హిందీ, ఇంగ్లిష్ రెండూ తడబడే మనవాళ్లకు మొదటి ఏడాది ఒంటరితనం, అదే అసలు సమస్య.

## డీయూ: క్లుప్తంగా

1922 నాటి యూనివర్సిటీ, దేశంలోనే అతి పెద్ద పొలిటికల్ సైన్స్ ఎంఏ తరగతుల్లో ఒకటి. ఏదో ఒక కాలేజీ పేరు మీద సీటు వస్తుంది, క్లాసులు ఎక్కువగా నార్త్ క్యాంపస్‌లో. వందలమంది మధ్య టీచర్‌కు మీ పేరు తెలియాలంటే మీరే వెంటపడాలి. హాస్టల్ అరుదు, కాబట్టి విజయ్ నగర్, ముఖర్జీ నగర్ వైపు గది అద్దె, తిండి కలిపి లెక్క వేసుకోండి. ముఖర్జీ నగర్ అనగానే యూపీఎస్సీ గుర్తొస్తుంది కదా, డీయూ ఎంఏకి వెళ్లే మనవాళ్లలో చాలామందికి అదే అసలు కారణం. ఎన్నికలంటారా, 2024లో గోడల నిండా అంటించిన పోస్టర్లు శుభ్రం చేసేదాకా ఓట్లు లెక్కించొద్దని ఢిల్లీ హైకోర్టు ఆపేసింది, ఫలితాలు నవంబరులో వచ్చాయి. జేఎన్‌యూ ఎన్నికకూ దీనికీ ఉన్న తేడా ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది.

## మీరు ఎవరు?

జేఎల్, డీఎల్ (డిగ్రీ లెక్చరర్) ఉద్యోగం గురి అయితే: ఓయూ, ఏయూ, ఎస్వీ చాలు. ఇంటర్‌లో సివిక్స్ చెప్పడానికి కావాల్సింది పీజీ మార్కులు, పోటీ పరీక్ష. డిగ్రీ కాలేజీకి నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు) ఉండాలి. తెలుగులో చదివినవాళ్లు పాఠం బాగా చెప్తారన్నది కూడా చిన్న విషయం కాదు.

యూపీఎస్సీకి పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకునేవాళ్లు: 500 మార్కుల ఆ రెండు పేపర్లకు ఎంఏ సిలబస్ బాగానే కలిసొస్తుంది, కానీ ఎంఏ ప్రిపరేషన్‌కి బదులు కాదు. హెచ్‌సీయూలో టర్మ్ పేపర్లు మీ టైమ్ తినేస్తాయి. ఇంగ్లిష్ ఫర్వాలేదనుకుంటే డీయూ, తెలుగులోనే మెయిన్స్ రాస్తామనుకుంటే ఓయూ. ఇల్లు గడవాల్సిన బాధ్యత మీద ఉంటే బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ గానీ ఇగ్నో గానీ తప్పేం కాదు. ఇగ్నోలో ఎంఏకి కనిష్ఠం రెండేళ్లు, గరిష్ఠం నాలుగేళ్లు, వాళ్ల పాఠ్యపుస్తకాలను రెగ్యులర్ వాళ్లు కూడా అరువు తెచ్చుకుని చదువుతారు. ఇంట్లోవాళ్ల సలహా పనికొచ్చేది ఈ ఒక్క పరిస్థితిలోనే. ఇరవై ఒకటేళ్లకు ఏ బరువూ లేనివాళ్లు గదిలో ఒంటరిగా కూర్చుని పొలిటికల్ సైన్స్ చదవడం నాకు ఇష్టం లేదు.

పరిశోధన చేయాలనుకునేవాళ్లు: హెచ్‌సీయూ లేదా జేఎన్‌యూ, సందేహం వద్దు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. తెలుగు ప్రాంతాల మీద పనిచేయాలనుకుంటే హెచ్‌సీయూనే నయం, ఫీల్డ్ చేతికందే దూరంలో ఉంటుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చి, పెద్ద క్యాంపస్ కలలు కనేవాళ్లు: జేఎన్‌యూ, హెచ్‌సీయూ రెండూ వస్తే మొదట హెచ్‌సీయూ. క్లాసులో తడబడినా మెస్‌లో తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు. పీహెచ్‌డీకి ఢిల్లీ ఎలాగూ ఉంది.

దళిత, ఆదివాసీ విద్యార్థులు: వివక్ష లేని క్యాంపస్ అంటూ ఏదీ లేదు, అలా చెప్తే అబద్ధం అవుతుంది. తేడా అల్లా, తప్పు జరిగినప్పుడు పక్కన నిలబడే సీనియర్లు ఉన్నారా లేదా అన్నదే. హెచ్‌సీయూ, జేఎన్‌యూ, ఓయూ మూడింటిలోనూ బలమైన సంఘాలు ఉన్నాయి. చేరకముందే ఒకరి ఫోన్ నంబర్ సంపాదించండి, మెస్ డిపాజిట్ దగ్గర్నుంచి గైడ్ ఎంపిక దాకా పనికొస్తుంది.

ఆడపిల్లలు: ఫీజు కన్నా ముందు హాస్టల్ గేటు ఎన్ని గంటలకు మూస్తారో అడగండి. లైబ్రరీ రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండి, గేటు ముందే మూసేస్తే ఆ లైబ్రరీ మీది కానట్టే. ఈ లెక్కలో జేఎన్‌యూ, హెచ్‌సీయూ ముందుంటాయి.

## దరఖాస్తుకు ముందు ఒక కాగితం

సీయూఈటీ పీజీ సాధారణంగా మార్చిలో ఉంటుంది, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. సీపీగెట్ ఆ తర్వాత వస్తుంది కాబట్టి రెండూ రాయండి.

బీసీ విద్యార్థులు మాత్రం ఇప్పుడే మీసేవకు వెళ్లాలి. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీ, సీ, డీ సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీల్లో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి, అదీ కొత్త ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలని చాలాచోట్ల అడుగుతారు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో ముందు చూసుకుని, తహసీల్దార్ ఆఫీసుకు ఆ జాబితా ప్రింటవుట్ కూడా పట్టుకెళ్లండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు "మొన్న ఇచ్చాం కదమ్మా, అదే సరిపోతుంది" అంటారు. సరిపోదు.